ఏడు కిలోల తర్జనభర్జన

మా ఇంట్లో ఎవరు విమానం ఎక్కబోతున్నా ఒక వింత గమనిస్తుంటాను. 23 కిలోల పెద్ద పెట్టెను మధ్యాహ్నం భోజనాలయ్యాక తెరిస్తే సాయంత్రం కాఫీ వేళకు జిప్పు పడిపోతుంది. 7 కిలోల చేతి సంచి మాత్రం అర్ధరాత్రి దాటినా మంచం మీద నోరు తెరుచుకునే ఉంటుంది. సర్దేవాళ్ళు ఒక వస్తువు పెడతారు, నాలుగడుగులు వేస్తారు, వెనక్కొచ్చి తీసేస్తారు. దాని బదులు ఇంకొకటి పెడతారు. కొక్కెం త్రాసుకు తగిలించి ఎత్తి చూస్తారు; బుల్లి తెర మీద 7.4 అని పడగానే ముఖం చిన్నబోతుంది. మళ్ళీ మొదలు. బరువులో మూడో వంతుకు కూడా తూగని సంచికి ఇంత హైరానా ఎందుకు? చోటు తక్కువ కాబట్టి అని సరిపెట్టుకున్నాను మొదట్లో. కానీ చోటే తక్కువైతే పని తొందరగా తెమలాలి కదా! పట్టేవి నాలుగు వస్తువులు, పెట్టేసి నిద్రపోవాలి. నిద్రపోవడం లేదంటే అక్కడ జరుగుతున్నది సర్దడం కాదన్న మాట. మరేమిటి? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా సతాయిస్తోంది.

పెద్ద పెట్టె సర్దడం ఊరుమ్మడి వ్యవహారం. పిన్ని కందిపొడి తెస్తుంది, పక్కింటావిడ సున్నిపిండి ఇస్తుంది, ఎవరి అబ్బాయికో ఎవరో పంపే పూతరేకుల డబ్బా ఆఖరి నిమిషంలో వచ్చి పడుతుంది. పచ్చళ్ళ కొట్లో అమెరికా అన్న మాట వినబడితే చాలు, పొర మీద పొర చుట్టి సీలు వేసి ఇస్తారు. అంత జాగ్రత్తా అవసరమే. ఆకాశంలో విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతే ఉండవచ్చు. అంటే తిరుమల ఎత్తుకు దాదాపు మూడు రెట్లు. మూత కింద చిక్కిన గాలి ఉబ్బి పైకి తోస్తుంది, ఆవకాయ నూనె దారి వెతుక్కుంటుంది. ఇంత జరిగే అవకాశం ఉన్నా పెద్ద పెట్టె దగ్గర ఎవరికీ బెంగ ఉండదు. నవ్వులూ, మాటలూ, దాని మీద కూర్చుని జిప్పు లాగడం. అది పట్టినంతా పుచ్చుకుంటుంది, ఏమీ అడగదు. చిన్న సంచి దగ్గరికి వచ్చేసరికి జనం పలచబడతారు. ప్రయాణమయ్యే మనిషి ఒక్కరే మిగులుతారు, తలుపు ఓరగా వేసుకుని.

ఎందుకంటే చిన్న సంచి ప్రశ్న అడుగుతుంది. గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్ళే విమానాల్లో సాధారణంగా ఎకానమీ వాళ్ళకు అనుమతించే చేతి సామాను 7 కిలోలు. మన దేశంలో తిరిగే విమానాల్లోనూ అంతే. కొలతలు కూడా చెబుతారు, 55 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 మందం. చక్రాలూ పిడీ ఉన్న సంచి తనే మూడు కిలోల దాకా తూగుతుంది. మిగిలేది నాలుగు కిలోలు. నీ బతుకులోంచి నాలుగు కిలోలు ఏరుకోమంటే ఏం ఏరుకుంటావు? మామూలు రోజుల్లో మనం వస్తువులను వరసలో నిలబెట్టం. బీరువాలో పట్టుచీర, దాని కింద ఇంటి కాగితాలు, వాటి మీద ఎప్పటివో పెళ్ళి ఫొటోలు, అన్నీ కలిసిమెలిసి ఉంటాయి. ఏది ముందు, ఏది తర్వాత అని ఎవరూ అడగరు. ఆ రాత్రి కొక్కెం త్రాసు అడుగుతుంది. జవాబు చెప్పలేకే అర్ధరాత్రి అవుతుందేమో.

కావలసినవి పెట్టుకోవడమే ప్రయాణానికి సూత్రమని పెద్దలు చెప్పగా విన్నాం. నాకు ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొస్తాడు. 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరుకు కాశీ యాత్ర ముగించుకుని తిరిగొచ్చిన మనిషి. పల్లకీలు, డేరాలు, బోయీలు, పరివారం కలిపి నూరుమంది దాకా వెంట నడిచారు. ఆయన రాసిపెట్టిన యాత్రా విశేషాలు 1838లో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి గుళ్ళ వర్ణనలు కావు. ఫలానా మజిలీలో అంగళ్ళు ఉన్నాయి, ఫలానా చోట నీళ్ళ వసతి బాగుంది, దిగడానికి చోటుంది అంటూ ఓపికగా చెప్పుకుంటూ పోయే తీరు. దారిలో దొరకనిది మోసుకెళ్ళాలి, దొరికేది అక్కర్లేదు: ఆయన సామాను వెనక లెక్క అంత తేటగా ఉంది. మన లెక్క అలా లేదు. డాలస్ చుట్టుపక్కల కందిపప్పు దొరకని పేట లేదు, గోంగూరా దొరుకుతుంది, పెళ్ళికి పురోహితుడూ దొరుకుతాడు. అన్నీ దొరికే చోటికే కదా పోతున్నాం! అవసరమే కొలత అయితే మన చేతి సంచిలో పాస్‌పోర్టూ, పళ్ళు తోముకునే బ్రష్షూ తప్ప ఏమీ ఉండనక్కర్లేదు. ఉంటున్నాయి. కాబట్టి కొలత వేరే ఏదో ఉంది.

మా వదినది రాజమండ్రి. కూతురికి పురుడు పోయడానికి అన్నయ్యతో కలిసి అమెరికా వెళ్ళినప్పుడు ఆవిడ చేతి సంచి సర్దుతుంటే పక్కన కూర్చున్నాను. ఇన్సులిన్ పెన్నులు మొదట పెట్టింది. అది మంచి పనే. పెద్ద పెట్టెలో వేస్తే విమానం అడుగున చలికి గడ్డకట్టి మందు పాడవచ్చు, పెట్టె ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. తర్వాత బీపీ మాత్రలు, డాక్టరు చీటీ. ఫోనులో అన్నీ ఉన్నా, కూతురి ఇంటి చిరునామా, ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం. వెండి ఉగ్గుగిన్నె. చివర్లో తలగడ కింద నుంచి ఒక పాత నేత చీర తీసి నాలుగు మడతలు పెట్టింది. ఉతికి ఉతికి రంగు వెలిసి, చెంప కానిస్తే తెలియనంత మెత్తబడింది. పొత్తిళ్ళ గుడ్డలకట. వదినా, దాన్ని పెద్ద పెట్టెలో వేయండి, అరకిలో తగ్గుతుంది కదా అన్నాను. "పెట్టెలో పట్టుచీరలున్నాయి అమ్మాయ్. అవి పోతే మళ్ళీ కొనుక్కుంటాను. మా అమ్మ కట్టిన చీర ఏ కొట్లో అమ్ముతారు?" అంది. పట్టుచీరలు అడుగుకు, నేత చీర చేతికి! ధర ప్రకారం చూస్తే తలకిందులు. కానీ ఆవిడ పెట్టుకున్న వరసలో నాకు తప్పు కనిపించలేదు.

ఇదంతా విమానం తెచ్చిన తంటా అనిపిస్తుంది ఒక్కోసారి. రైలు ప్రయాణాల్లో ఈ గొడవ లేదు. వేసవి సెలవులకు అమ్మమ్మతో వెళ్ళేటప్పుడు ట్రంకుపెట్టె, పక్కబట్టల హోల్డాలు, మరచెంబు, పులిహోర గిన్నె, మామిడిపళ్ళ బుట్ట అన్నీ మా కాళ్ళ దగ్గరే ఉండేవి. ట్రంకుపెట్టెకు గొలుసు వేసి సీటు కాలికి తాళం బిగించేవారు. అమ్మమ్మ రాత్రి లేచి కాలితో తడిమి చూసుకునేది, పెట్టె తగిలితే మళ్ళీ నిద్ర. డబ్బు మాత్రం బొడ్డుసంచిలో, చీర కుచ్చిళ్ళ లోపల. ఎర్రబస్సు ఎక్కితే మూటలు పైకి వెళ్ళేవి. అప్పుడు ప్రతి ఊళ్ళోనూ బస్సు ఆగగానే ఎవరో ఒకరు కిటికీలోంచి మెడ చాచి, నిచ్చెన మీదుగా ఏ మూట దిగుతోందో చూసేవారు. ఎక్కడికక్కడ కాపలా. సామాను కంటి ముందు ఉన్నంతసేపూ విలువలు కట్టనక్కర్లేదు. విమానం మన సామానును రెండుగా చీల్చింది. ఒక భాగం రబ్బరు పట్టా మీద కదులుతూ తెర వెనక్కి వెళ్ళిపోతుంది, దాన్ని మోసే చేతులు మనకు కనబడవు. ఇంకో భాగం మన చేతిలో మిగులుతుంది. ఏది పరాయి చేతికి ఇస్తావు, ఏది ఇవ్వవు అని మమ్మల్ని అడిగిన మొదటి బండి విమానమే. ఆ ప్రశ్నకు మా అమ్మమ్మ దగ్గర మాత్రం ముందే జవాబుంది, నడుముకు కట్టుకుని.

చట్టం కూడా ఈ చీలికను గుర్తించింది. విమాన ప్రయాణికుల హక్కుల గురించి 1999లో మాంట్రియల్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, మన దేశం 2009లో అందులో చేరింది. విమానసంస్థకు అప్పగించిన పెట్టె వాళ్ళ సంరక్షణలో ఉండగా పోతే, తమ తప్పు ఉన్నా లేకపోయినా వాళ్ళే బాధ్యులు. మన చేతిలో ఉంచుకున్న సంచికి ఏమైనా అయితే మాత్రం, తప్పు వాళ్ళదని తేలితేనే బాధ్యత. అప్పగించినదానికి పూచీ వాళ్ళది, పట్టుకున్నదానికి పూచీ మనది. ఎంత న్యాయమైన విభజన! అయితే ఆ పూచీకి ఒక్కో ప్రయాణికుడికి ఇంతకు మించి లేదని పరిమితి కూడా ఉంది, ముందుగా విలువ ప్రకటించి అదనపు రుసుము కడితే తప్ప. వెలిసిపోయిన నేత చీరకు వదిన ఎంత విలువ ప్రకటించాలి? అలా ప్రకటించలేనివే చేతి సంచిలోకి వస్తాయి కాబోలు. నమ్మకం చాలకే వాటిని దగ్గర పెట్టుకుంటున్నాం. ఇక్కడిదాకా వచ్చి, ప్రశ్నకు జవాబు దొరికింది, చేతి సంచి అంటే మన అపనమ్మకాల చిట్టా అని ఊరుకుందామనుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు.

అదే సంచిలో పవర్ బ్యాంకు కూడా ఉంది. దాన్ని ఎవరూ ప్రేమించరు, పోతే ఏడవరు. అయినా దాన్ని పెద్ద పెట్టెలో వేయకూడదు, చేతిలోనే ఉండాలన్నది నియమం. కారణం విలువ కాదు, భయం. లిథియం బ్యాటరీ లోపల ఎక్కడో షార్ట్ సర్క్యూట్ అయితే వేడి పుడుతుంది, ఆ వేడికి పక్క అర రాజుకుంటుంది, అక్కడి నుంచి ఆపడం కష్టం. విమానం అడుగున సామాను గదిలో అలా అంటుకుంటే చేరుకునే మనిషి లేడు. జనం మధ్య అంటుకుంటే సిబ్బంది నీళ్ళు చల్లి అదుపు చేయగలరు. అందుకే సాధారణంగా 100 వాట్-అవర్ల లోపువాటినే రానిస్తారు; బజారులో దొరికే 20,000 ఎంఏహెచ్ రకం సుమారు 74 వాట్-అవర్లు. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని గింహే విమానాశ్రయంలో ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానంలో, తల మీది అరలోంచి మంటలు లేచాయి, ఎక్కినవాళ్ళంతా బయటపడ్డారు. మార్చి నుంచి ఆ దేశం పవర్ బ్యాంకులను తల మీది అరలో పెట్టనివ్వడం మానేసింది, ఒంటి మీదో ఎదుటి సీటు జేబులోనో కళ్ళ ముందు ఉంచుకోమంది. అంటే చేతి సంచిలో చేరేవి రెండు రకాలు: పోతే తట్టుకోలేనివి, వదిలేస్తే తగలబెట్టేవి. అమ్మ చీరా, పవర్ బ్యాంకూ పక్కపక్కన. రెండింటి మీదా కన్ను వేసి ఉంచాలి. ఆలోచిస్తే ఇంట్లో మనుషులు కూడా అంతే కదా! మన నిద్ర చెడగొట్టేవాళ్ళలో సగంమంది మీద ప్రేమ, మిగతా సగంమంది మీద అనుమానం. కొందరి మీద రెండూనూ.

కొబ్బరికాయ సంగతి మరీ చిత్రం. నూనె ఉన్న ఎండు కొబ్బరి తనంతట తాను వేడెక్కగల సరుకు అని విమాన రవాణా నియమాలు దాన్ని ప్రమాదకర వస్తువుల జాబితాలో చేర్చాయి. మన దేశంలో కొబ్బరికాయను చేతి సంచిలో తీసుకెళ్ళనివ్వరు. మరి ఇరుముడి మాటేమిటి? హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ నల్లబట్టల స్వాములు కొచ్చి విమానం ఎక్కుతూనే ఉంటారు. నెయ్యి నింపిన కొబ్బరికాయ ఉన్న ఇరుముడి లేకుండా శబరిమల పద్దెనిమిది మెట్లు ఎక్కడం కుదరదు. 2024 అక్టోబరులో పౌర విమానయాన భద్రతా విభాగం, ఆ యాత్ర రోజుల కోసం 2025 జనవరి 20 దాకా, తనిఖీలు చేసి ఇరుముడిలో కొబ్బరికాయను చేతి సామానుగా అనుమతించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు తట్టింది, చేతి సంచి సర్దడం ఎలాగో మనకు ఏనాడో తెలుసని. ఇరుముడికి రెండు అరలు. ముందు అర స్వామికి, వెనక అర తనకు. నెయ్యి కొబ్బరికాయ, బియ్యం, పసుపు కుంకుమ, కర్పూరం ముందు. దారిలో తన తిండికీ అవసరాలకూ కావలసినవి వెనక. ఏది ముందు ఏది వెనక అని ఎవరూ రాత్రంతా కూర్చుని కొట్టుకోరు. వదిన సంచి కూడా ఇరుముడే అనుకోవచ్చు. మందులూ కాగితాలూ తన అర, ఉగ్గుగిన్నే చీరా ఇంకా పుట్టని మనవరాలి అర. అలా చూస్తే అపనమ్మకాల చిట్టా అన్న నా మాట సగానికి సగం వీగిపోయింది. అందులో సగం ఇంకొకరికి చేర్చాల్సిన బాకీ.

ఇంత గోప్యంగా సర్దినదాన్ని మర్నాడు శంషాబాదులో నలుగురి ముందూ విప్పి పరచాలి. బూడిదరంగు ట్రేలో బెల్టు, వాచీ, ఫోను, ల్యాప్‌టాప్, చిల్లర. వెనకాల నిలబడ్డవాడికి మన మాత్రల పేర్లు కనబడతాయి, మన రోగాలు తెలిసిపోతాయి. అయినా ఎవరూ సిగ్గుపడరు, అందరి ట్రేలూ అంతే. ఆ ట్రేలో ఉన్నదీ లేనిదీ చూస్తే నాకు అదొక చరిత్ర పాఠంలా కనిపిస్తుంది. చేతి సామాను వెతకడం అమెరికాలో అందరికీ తప్పనిసరి చేసింది 1973 జనవరిలో, వరస హైజాకింగుల తర్వాత. మన దేశంలో 1999 డిసెంబరులో కాఠ్మాండూ విమానం హైజాకై కాందహారు చేరాక, మరుసటి ఏడాది నుంచే విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చేతికి రావడం మొదలైంది. 2001 డిసెంబరులో పారిస్ నుంచి మయామీ వెళ్తున్న విమానంలో ఒకడు బూటులో పేలుడు మందు దాచి వెలిగించబోయాడు. ఆ తర్వాత అమెరికాలో కోట్లమంది ఏళ్ళ తరబడి బూట్లు విప్పి మేజోళ్ళతో నడిచారు, 2025 జూలై దాకా. 2006 ఆగస్టులో శీతల పానీయాల సీసాల్లో పేలుడు ద్రవాలు నింపి అట్లాంటిక్ మీద విమానాలు కూల్చాలన్న కుట్రను బ్రిటిష్ పోలీసులు పట్టుకున్నారు. అందుకే ఇవాళ మా అక్కయ్య తలనూనె 100 మిల్లీలీటర్ల బుడ్డిలోకి దిగింది. ఎక్కడో ఎవడో అనుకున్న పాడు పనికీ, అక్కయ్య కొబ్బరినూనెకూ చుట్టరికం! మన నాలుగు కిలోల్లో ఏది ఉండాలో మనం ఒక్కరమే తేల్చుకోవడం లేదు. మనం ఎన్నడూ చూడని దుర్మార్గులు కూడా మన పక్కన కూర్చుని సర్దుతున్నారు. దీనికి కోపం రావాలా, జాలి పడాలా? నాకు ఎప్పుడూ తేలదు. ఎదురుగా నిలబడి ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఆవలింత ఆపుకుంటూ, అమ్మా, ఈ డబ్బాలో ఏముంది అని అడిగినప్పుడు మాత్రం కోపం నిలవదు. పులిహోర బాబూ అంటే పొమ్మంటాడు.

ఒకప్పుడు ఆ తనిఖీ అయ్యాక సంచికి కట్టిన చీటీ మీద ముద్ర గుద్దేవారు. 2017లో హైదరాబాదుతో సహా పెద్ద విమానాశ్రయాల్లో ఆ ముద్ర తీసేశారు. బేగంపేట నుంచే విమానాలు ఎగిరిన కాలంలో విదేశాలు వెళ్ళొచ్చినవాళ్ళు ఆ చీటీలను నెలల తరబడి పిడికి వేలాడనిచ్చి, బస్సుల్లోనూ పెళ్ళిళ్ళలోనూ అదే సంచి పట్టుకు తిరిగేవారు. లోపల ఉన్నవాటికన్నా బయట వేలాడే కాగితం ముక్కకే గౌరవం ఎక్కువ. ఇప్పుడు ఆ గౌరవం చక్రాలకు పోయింది. చక్రాల గురించి కూడా నాకో అనుమానం ఉంది. మనిషి చంద్రుడి మీద నడిచింది 1969లో. పెట్టెకు చక్రాలు తగిలించాలని అమెరికాలో బెర్నార్డ్ సాడో అనే సామాన్ల కంపెనీ మనిషికి తోచింది ఆ మరుసటి ఏడాది. పేటెంటు 1972లో వచ్చింది. ఇప్పుడు మనం లాగే నిలువు పెట్టె, పైకి సాగే పిడితో, 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ చేసుకున్నది. అంతకాలం అది ఎందుకు వాడుకలోకి రాలేదు? మోసే మనిషి తేరగా దొరికినంత కాలం చక్రం అక్కర్లేకపోయింది కాబోలు. సికింద్రాబాదు స్టేషన్లో ఎర్రచొక్కా కూలీ తల మీద రెండు పెట్టెలు, భుజానికొకటి ఎత్తుకుంటే, వెనకాల చేతులూపుకుంటూ నడిచినవాళ్ళమే. అప్పుడు బరువు ఇంకొకరిది, ఇప్పుడు మనది. మన బరువు మనమే లాక్కోవడం మర్యాదగానే ఉంది. కాకపోతే లాగడం తేలికైందని మరింత నింపడం కూడా అప్పుడే మొదలైంది.

విమానం ఎక్కాక ఇంకో ఘట్టం. తల మీది అరలో చోటు కోసం పెనుగులాట. చోటు దొరికినవాళ్ళు కింద స్థిమితంగా కూర్చుంటారు, దొరకనివాళ్ళ సంచి ఆరు వరసల వెనక ఎక్కడో ఇరుక్కుంటుంది. వాళ్ళు ప్రయాణమంతా మెడ తిప్పి చూస్తూనే ఉంటారు, వెనకటి బస్సు కిటికీ అలవాటు పోక. అంతలో ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి నిలబడి తలుపులు చూపిస్తుంది, అత్యవసరంలో సామాను వదిలేసి దిగండి అంటుంది. ఎవరూ వినరు. నేను ఈమధ్య వింటున్నాను. 44 మందికి మించి సీట్లున్న విమానం ఏదైనా, సగం తలుపులు మాత్రమే తెరుచుకున్నా 90 సెకన్లలో ఖాళీ అయ్యేలా ఉండాలని నియమం. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయ్ వెళ్ళిన విమానం రన్‌వే మీద కూలి నిప్పంటుకుంది. లోపల 300 మంది. అందరూ బతికారు, మంటలార్పడానికి వచ్చిన అగ్నిమాపక ఉద్యోగి ఒకరు చనిపోయారు. పొగలో నిలబడి కొందరు పై అరల్లోంచి సంచులు లాక్కుంటున్న వీడియో ప్రపంచమంతా చూసింది, తిట్టింది. నేను తిట్టలేకపోయాను. గల్ఫ్ కొలువంటే ఏమిటో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ సంచిలో పాస్‌పోర్టు ఉంటుంది, వీసా కాగితాలుంటాయి, అప్పు తీర్చే దారి ఉంటుంది. ప్రాణమూ బతుకుతెరువూ ఒకటి కావని ఆ క్షణంలో ఎవరికి తోస్తుంది? కానీ ఆ చేయి పైకి వెళ్ళిన ఒక్కో సెకనూ వెనకాల నిలబడ్డవాడి ఊపిరిలోంచి తీసింది. ఇదీ నిజమే. 2024 జనవరి 2న టోక్యో హనేడా విమానాశ్రయంలో దిగుతున్న విమానం తీరరక్షక దళ విమానాన్ని ఢీకొని కాలిపోయింది. ఆ చిన్న విమానంలో ఐదుగురు పోయారు. పెద్ద విమానంలోని 379 మందీ ప్రాణాలతో బయటికి వచ్చారు, సామాను మంటలకు వదిలేసి. వాళ్ళ సంచుల్లోనూ అమ్మ చీరలు ఉండవా?

అర్ధరాత్రి దాకా కూర్చుని, వేయి వస్తువుల్లోంచి ఏరి, తూచి, పరాయి చేతికి ఇవ్వనని తీర్మానించుకుని దగ్గర పెట్టుకున్నదాన్నే, అవసరం వస్తే ముందుగా వదలాలట. పెద్ద పెట్టె గురించి ఎవరూ ఆ మాట అనరు, దాని దగ్గరికి వెళ్ళే దారే లేదు. వదలడం కష్టమయ్యేది దగ్గర ఉన్నదాన్నే. మరి రాత్రంతా చేసిన తర్జనభర్జన వృథాయేనా? నాకు అలా అనిపించడం లేదు. ఏది ముందు అన్న ప్రశ్న మంచం మీద, దీపం వెలుగులో, తీరిగ్గా అడిగి చూసుకున్నవాళ్ళకే పొగలో జవాబు వెతుక్కోవలసిన పని తప్పుతుంది. పాస్‌పోర్టు, రోజూ వేసుకోక తప్పని మందు, కళ్ళద్దాలు, ఫోను: ఇవి పోతే నిజంగానే కాళ్ళూ చేతులూ ఆడవు. ఇవి సంచిలో కాదు, ఒంటి మీద ఉండాలి, విమానం లేచేటప్పుడూ దిగేటప్పుడూ తప్పకుండా. ఇవి పోగా మిగిలినది ఎంత ప్రియమైనదైనా వదలగలిగినదే అని సర్దేటప్పుడే ఒప్పేసుకోవాలి. మోసుకెళ్ళడానికి సర్దడం అందరికీ వచ్చు. వదిలి దిగడానికి వీలుగా సర్దడం నేర్చుకోవలసిన విద్య. మా అమ్మమ్మ బొడ్డుసంచిలో ఆ విద్య అప్పటికే ఉంది. ఏడు కిలోలు అక్కర్లేదు, ఆవిడ లెక్క పిడికెడు.

మా వదిన ఈసారి మనవరాలి పుట్టినరోజుకు మళ్ళీ బయల్దేరుతోంది. మొన్న సంచి ముందు కూర్చున్నప్పుడు ఈ ఉపన్యాసమంతా ఆవిడకు వినిపించాను. మడతలు పెడుతూనే ఓపిగ్గా వింది. "నువ్వు చెప్పింది బాగానే ఉంది అమ్మాయ్. పాస్‌పోర్టు మెళ్ళో సంచిలో వేసుకుంటాను, మందులు రొండిన దోపుకుంటాను, గాజులు చేతికే ఉన్నాయి" అంది. మరి చీర సంగతో అన్నాను, చిక్కుముడి వేసిన ధీమాతో. "విమానంలో చలే కదా, మెడకు చుట్టుకుంటాను. ఇక సంచిలో మిగిలేది మీ అన్నయ్య చదవని పేపర్ల కట్టా, దారిలో చదువుకోమని నువ్విచ్చిన పుస్తకాలూ. వాటిని వదిలి దిగమంటే నాకు 90 సెకన్లు కూడా అక్కర్లేదు."